పాత జెట్లు పోయేదాకా

గోపాలరావు పుట్టింది రేపల్లెలో. సముద్రపు గాలి తగిలే ఊరే. అయినా అతను ఏనాడూ యుద్ధనౌక ఎక్కలేదు, దగ్గర నుంచి చూడనూ లేదు. అలాంటి మనిషిని సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మేడ్చల్‌లో ఒక ముసలి యుద్ధనౌకా, దాని మీది పాత జెట్లూ కలిసి ఏళ్ల తరబడి కదలనివ్వకుండా పట్టుకున్నాయంటే వినేవాళ్లు ఒక పట్టాన నమ్మరు.

పాలిటెక్నిక్ అయ్యాక అతను బాలానగర్‌లో ఒక రబ్బరు కంపెనీలో సూపర్‌వైజరుగా పనిచేశాడు. తర్వాత మామగారు చెయ్యి అందిస్తే మేడ్చల్ పారిశ్రామికవాడలో స్థలం తీసుకుని సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. రబ్బరు కలిపే మిల్లు ఒకటి, వేడి ప్రెస్సులు మూడు, పనివాళ్లు పదిమంది. బోరు మోటార్లకు వాషర్లు, ట్రాక్టర్లకు సీళ్లు చేసేవాడు. కాపురం కొంపల్లిలో. అప్పటికి కొంపల్లి అంటే ఇంకా ద్రాక్షతోటలే. భార్య మనోరమ ఆ తోటల మధ్య ఒంటరి ఇంట్లో ఉండలేనని మొదట్లో కొన్నాళ్లు అలిగింది. కూతురు ధరణి పుట్టాక ఆ అలక మరిచిపోయింది.

తొంభై రెండులో కమాండర్ దీక్షిత్ అనే నౌకాదళ అధికారి ఆ షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, మెల్లగా మాట్లాడే హిందీ. విమానాలను మోసే మన యుద్ధనౌక మీది జెట్లు ఇంగ్లండులో తయారైనవని చెప్పాడు. ఇంగ్లండువాళ్లు తమ నౌకాదళాన్ని కొత్తరకం జెట్లకు మార్చుకుంటూ పాతరకం సామాను తయారీ ఆపేశారు. ఇంధనం పోయే గొట్టాల అతుకుల్లో వేసే రబ్బరు చుట్టలు చేసే ఫ్యాక్టరీ కూడా అక్కడ మూతపడింది. ఆ చుట్టలు ఇక్కడే చేయించాలని దీక్షిత్ ఊరూరా తిరుగుతున్నాడు. పెద్ద కంపెనీలన్నీ అంత చిన్న ఆర్డరు ముట్టుకోబోమన్నాయి. బాలానగర్‌లో ఎవరో గోపాలరావు పేరు చెప్పారు.

గోపాలరావుకు ఆ రోజు కాళ్లు నేల మీద నిలవలేదు. ట్రాక్టరు సీళ్లు చేసుకునేవాణ్ని వెతుక్కుంటూ నేవీ వచ్చిందంటే మాటలా అనుకున్నాడు. నమూనాలు చేసి పంపితే తిరిగొచ్చాయి. మళ్లీ చేశాడు, మళ్లీ వచ్చాయి. ఏడాదిన్నర అలా గడిచాక ఆమోదం దొరికింది. అచ్చులు నేవీవి, రబ్బరూ చాకిరీ ఇతనివి. అంచులు కత్తిరించే పనికి మాత్రం పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ల పేర్లు రాసుకున్నారు. ఆ పేరున్నవాళ్లు తప్ప వేరొకరు కత్తి పట్టకూడదు. మొదట్లో ముగ్గురు నెగ్గారు. ఇద్దరు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. మిగిలింది శామీర్‌పేట నుంచి బస్సులో వచ్చే శివమ్మ ఒక్కతే.

శివమ్మది చేపలు పట్టే ఇల్లు. భర్త బక్కయ్య చెరువులో వల వేసేవాడు. ఆమె పొద్దున చేపలు ఊళ్లో అమ్మేసి, చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని పనికొచ్చేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ప్రెస్సులో నుంచి వచ్చిన చుట్టల అంచున వేలాడే పల్చటి రబ్బరు పొరను కత్తితో తీసేసేది. అందులో గొప్పేమీ లేదు, ఓపిక కావాలంతే. అయితే నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలెవరూ ఆ బల్ల దగ్గర ఆర్నెల్లు నిలిచేవారు కాదు.

ఆర్డరు వచ్చినప్పుడల్లా షెడ్డులో మిగతా పనంతా ఆగిపోయేది. మిల్లు కడగాలి, ప్రెస్సులు తుడవాలి, ట్రాక్టరు రబ్బరు దుమ్ము ఒక్క రవ్వ కూడా కలవకూడదు. ఇన్‌స్పెక్టరు నేవీ తరఫున వచ్చి చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి. చేసేవి బుట్టెడు చుట్టలు, వాటికోసం వారాల తరబడి షెడ్డు స్తంభించిపోయేది. పెద్ద ఆర్డర్లవాళ్లు ఆగలేక పక్క షెడ్డుకు పోయేవారు. ఒక్కసారే పదేళ్లకు సరిపడా చేసిచ్చి చేతులు దులుపుకుందామా అంటే అదీ కుదరదు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. పెట్టెలో ఉన్నా కొన్నేళ్లకు గట్టిపడి పగులుతుంది. కాబట్టి జెట్టు ఎగిరినంత కాలం కొత్త చుట్ట పుడుతూనే ఉండాలి.

తొంభై ఆరులో హోసూరు నుంచి కబురొచ్చింది. మోటారు సైకిళ్ల కంపెనీ ఒకటి తన పక్కనే రబ్బరు భాగాలు చేసేవాళ్లకు స్థలం ఇస్తోంది. ఏడాది పొడవునా పని. గోపాలరావు వెళ్లి చూసొచ్చాడు. మనోరమ ధరణి కోసం అక్కడి స్కూళ్ల సంగతి కూడా వాకబు చేసింది. నేవీ పని వదలాలి కదా అని అతను దీక్షిత్‌కు ఫోను చేశాడు. దీక్షిత్ సంతోషించాడు, అభినందించాడు. ఆ తర్వాత, మరో రెండేళ్లలో ఈ ఓడా, దాని జెట్లూ విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి, అంతదాకా ఆగగలరా అని అడిగాడు. రెండేళ్లే కదా అనుకుని గోపాలరావు ఆగాడు. హోసూరువాళ్లు ఆగలేదు. ఆ స్థలం బాలానగర్‌లో అతనితోపాటు పనిచేసిన మనిషికే దక్కింది.

రెండేళ్లకు ఓడ విశ్రాంతిలోకి పోలేదు, మరమ్మతులకు పోయింది. దాని బదులు రావలసిన ఓడ గురించి రష్యాతో బేరాలు సాగుతూనే ఉన్నాయి. పాతదాన్నే బాగుచేసుకుని ఇంకొన్నేళ్లు నడుపుకోవాలని నిర్ణయించారు. ఓడ ఉంటే జెట్లు ఉంటాయి, జెట్లు ఉంటే చుట్టలు కావాలి. గోపాలరావు ఈ వార్త పేపర్లో చదివి, మనోరమకు చూపించకుండా మడిచి పెట్టాడు. ఆమె అప్పటికే చదివేసింది.

తొంభై తొమ్మిదిలో తెగించి, ఏడాది గడువిచ్చి పని మానుకుంటున్నానని రాసి పంపాడు. నేవీవాళ్లు మూడుసార్లు టెండరు పిలిస్తే ఎవ్వరూ ముందుకు రాలేదు. గడువు దగ్గర పడుతుండగా దీక్షిత్ స్వయంగా వచ్చాడు. అప్పటికి ఆయన కెప్టెను, జుట్టు నెరిసింది. ప్రెస్సుల వేడిలోనే కుర్చీ వేయించుకుని కూర్చుని, మనోరమ పంపిన మజ్జిగ తాగాడు.

"మిమ్మల్ని బలవంతం చేసే హక్కు నాకు లేదు, గోపాలరావుగారూ" అన్నాడు. "మీరు మానేస్తే ఏమవుతుందో చెప్పిపోదామని వచ్చాను. ఒక జెట్టు విప్పి ఇంకో జెట్టుకు వేస్తారు. అవీ అయిపోతే, గడువు దాటిన చుట్టకే ఇంకో ఏడాది ఆయుష్షు రాసి సంతకం పెడతారు. ఆ సంతకం పెట్టాల్సింది నేనే."

దీక్షిత్ గద్దించి ఉంటే గోపాలరావు ఎదురుతిరిగేవాడే. ఆయన వెళ్లిన వారానికి మానుకుంటానన్న మాట వెనక్కి తీసుకున్నాడు. మనోరమ ఆ రోజు కోప్పడలేదు. మంచి మాటతో కట్టేస్తే మీరు అసలు విడిపించుకోలేరండీ, అని మాత్రం అంది.

తర్వాత రెండేళ్లకు ఒక జెట్టు సముద్రంలో కూలిపోయింది. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. పైలటు దొరకలేదు. మర్నాడే ఫోను వచ్చింది. ఆ జెట్టుకు వాడిన చుట్టల తాలూకు రబ్బరు ముక్కలు, పరీక్షల కాగితాలు తీసుకుని విచారణకు గోవా రమ్మన్నారు. అందరినీ పిలుస్తారు, ఇది మామూలే అన్నారు. ఆ బ్యాచి చేసినప్పుడు ప్రెస్సు వేడి సరిగా ఉందా, ఆ రోజు కరెంటు పోయిందా, తనకు జ్వరమేమైనా ఉందా అని గుర్తు చేసుకుంటూ గోపాలరావు షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. శివమ్మ కూడా తన చేతులకేసి చూసుకుంది.

గోవాలో విమానాలు నిలిపే హ్యాంగరులో అతను తన జెట్టును మొదటిసారి చూశాడు. అనుకున్నంత పెద్దది కాదు. రెక్కల కింద రేకులు విప్పి ఉన్నాయి. ఒక మెకానిక్కు టార్చి వేసి, మీ చుట్ట అక్కడ లోపల ఉంటుంది అని చూపించాడు. గోపాలరావు వంగి ఎంత తొంగి చూసినా గొట్టాల చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

విచారణ గది బయట వరండాలో పొడుగాటి బెంచీ. దాని మీద ఓ పెద్దాయన ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. గోపాలరావు పక్కన కూర్చున్నాక కాసేపటికి ఆయన హిందీలో, మీరు ఎందుకొచ్చారు అని అడిగాడు.

"నేను రబ్బరు భాగాలు చేస్తానండి. వీటికి."

పెద్దాయన తల ఊపాడు. తాను ఆ పైలటు తండ్రినని, అబ్బాయి గదిలో ఉన్న సామాను తీసుకుపోవడానికి వచ్చానని చెప్పాడు. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు, ఏమైనా తిన్నారా అని అడిగాడు. గోపాలరావు తిన్నానని అబద్ధమాడాడు. లోపలికి పిలిచేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు.

కొన్ని నెలలకు తేలిందేమిటంటే, ఇంజనులోకి పక్షి దూరింది. చుట్టల తప్పేమీ లేదు. శివమ్మ ఆ మాట విని కొంగుతో ముఖం తుడుచుకుంది. గోపాలరావు పనివాళ్లందరికీ మిఠాయి తెప్పించబోయి, ఆ పెద్దాయన గుర్తొచ్చి మానేశాడు. తప్పు తనది కాదని తెలిశాక భారం దిగుతుందనుకున్నాడు గానీ దిగలేదు. ఇక ముందు తను మానేశాక జెట్టు ఏది కూలినా, ఆ బెంచీ మీద తనకు మళ్లీ చోటు ఉంటుందనిపించింది. మానేస్తానన్న మాట ఆ తర్వాత అతను ఎవరి దగ్గరా ఎత్తలేదు.

రెండు వేల నాలుగులో రష్యాతో ఒప్పందం కుదిరింది. వాళ్లు పక్కన పెట్టిన ఓడ ఒకటి బాగుచేసి ఇస్తారు, దానిమీద కొత్త జెట్లు వస్తాయి. ఇంకో నాలుగేళ్లు అన్నారు. ఆ తర్వాత రెండేళ్లకు మరో ఆశ కలిగింది. ఇంగ్లండువాళ్లు తమ దగ్గర మిగిలిన ఆ జాతి జెట్లన్నిటినీ ఒక్కసారిగా సేవ నుంచి తప్పించారు. వాటిలో కొన్నిటిని విడిభాగాల కోసం మనవాళ్లు కొంటారన్న మాట వినిపించింది. అవి వస్తే వాటితోపాటు ఇంగ్లండు గిడ్డంగుల్లోని సీళ్లూ వస్తాయి, ఇంక మీ అవసరం ఉండదు అని దీక్షిత్ ఫోను చేసి చెప్పాడు. ఆయన అప్పటికి రిటైరై పుణెలో ఉంటున్నాడు. ఆ నెలంతా గోపాలరావు నడకే మారిపోయింది. మేడ్చల్ చుట్టూ భూముల బేరాలు జోరుగా సాగుతున్న కాలం. షెడ్డు స్థలం అడిగినవాళ్లను మొదటిసారి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ధరణి చదువు అయిపోతోంది, షెడ్డు అమ్మేసి ఇంట్లో హాయిగా ఉండండి అంది మనోరమ. ఉంటానన్నాడు.

ఆ బేరం కుదరలేదు. ఇంగ్లండువాళ్లు ముఖ్యమైన పరికరాలు విప్పేసుకుని ఇస్తామన్నారట, మనవాళ్లు వద్దన్నారట. రష్యా ఓడ మరమ్మతు కూడా అనుకున్నదానికి రెండింతలుందని, ఇంకా చాలా ఏళ్లు పడుతుందని వార్తలొచ్చాయి. స్థలం అడిగినవాళ్లు పక్క షెడ్డు కొనుక్కుని విల్లాల బోర్డు పాతారు.

ఈలోగా శివమ్మ కళ్లకు పొర కమ్మింది. చుట్టను కంటికి ఆనించుకుని చూడటం గోపాలరావు గమనించాడు. ఆమె పేరు తప్పిస్తే కత్తి పట్టే మనిషి లేడు. పరీక్షకు పంపిన ఇద్దరు అమ్మాయిల్లో ఒకతె తప్పింది. నెగ్గిన రెండో అమ్మాయి రోజారాణి, కొంపల్లిలో కొత్తగా కట్టిన మాల్‌లో ఏసీ గదిలో ఉద్యోగం దొరికి పోయింది. గోపాలరావు శివమ్మను తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి రెండు కళ్లకూ ఆపరేషను చేయించాడు. మనోరమ తన ఇంట్లోనే వారం రోజులు ఉంచుకుని మందులు వేసింది. చూసినవాళ్లంతా ఇలాంటి యజమాని ఉంటాడా అన్నారు. గోపాలరావుకు కూడా తాను మంచిపనే చేశానని ఉండేది.

రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం శివమ్మ భోజనం డబ్బా కడుక్కుని, అతని టేబులు దగ్గరకు వచ్చి నిలబడింది.

"సారూ, ఒక మాట జెప్పాలె. కోపం జెయ్యొద్దు."

"చెప్పు శివమ్మా."

"ఇగ నేను పనికి రాను. మా ఆయన మోకాళ్లు పట్టుకపోయినయ్. చెర్వుకాడికి పోతలేడు. ఇంటికాడ ఒక్కడే గూసుంటడు. నాకు గూడ బస్సెక్కుడు దిగుడు అయితలేదు."

గోపాలరావు పెన్ను కింద పెట్టాడు. కారు పంపిస్తానన్నాడు. బక్కయ్యను కూడా ఆసుపత్రిలో చూపిద్దామన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడతను, తెలిసిందే కదా శివమ్మా, ఇంకో రెండేళ్లు ఆగు, ఆ జెట్లు ఎట్లాగూ పోతాయి అన్నాడు.

శివమ్మ చేతిలోని డబ్బా టేబులు మీద పెట్టింది.

"మీరు నా కండ్లు జేయించిండ్రు. గా సంగతి నేను మర్వ సారూ. గందుకే ఇన్నొద్దులు అడుగనీకె నోరు రాలె. గని కండ్లు జేయించి గీ బల్లకే కట్టేసినట్టయింది నన్ను. కండ్లు మంచిగైనంక పని ఇడిసి ఎట్ల పోను?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. గోపాలరావుకు తన నోటి నుంచి వచ్చిన మాట అప్పుడు చెవిన పడింది. ఇంకో రెండేళ్లు ఆగు. దీక్షిత్ మజ్జిగ తాగుతూ కూర్చున్న చోటే కూర్చుని, అంతే మర్యాదగా, అంతే మెల్లగా అన్నాడు ఆ మాట. పన్నెండేళ్లుగా తనతో అన్న మాటే తను తీసుకెళ్లి ఈమె మెడకు చుట్టాడు. తననెవరూ వదల్లేదు, నిజమే. ఈమెను వదలవలసింది మాత్రం తనే.

"ఎప్పటినుంచి మానేద్దామని?" అని అడిగాడు.

"మీరెప్పుడంటే గప్పుడు."

"అయితే రేపటినుంచి రావద్దు" అన్నాడు. మాట కటువుగా వినిపించిందేమోనని, "నేనే శామీర్‌పేట వచ్చి చూస్తాను, బక్కయ్యను కూడా చూసినట్టుంటుంది" అని కలిపాడు. ఆమె వెంటనే కదల్లేదు. మల్ల గీ పని ఎవరు జేస్తరు సారూ అంది. అది నువ్వు ఆలోచించకు అన్నాడు. ఆ సాయంత్రం ఆమె బల్ల తుడిచి, కత్తులు నూనె గుడ్డలో చుట్టి పెట్టి, బస్సుకు వెళ్లిపోయింది.

మూడు నెలల్లో కొత్త ఆర్డరు పని మొదలుపెట్టాలి. వేరే మనిషి దొరక్క, గోపాలరావు పరీక్షకు తన పేరే ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు కుర్రవాడు ఫోనులో నవ్వాపుకుని, యజమానులు పరీక్ష రాయకూడదని రూలేమీ లేదు సార్ అన్నాడు. గోపాలరావు రోజూ శివమ్మ బల్ల దగ్గర కూర్చుని పాత చుట్టల మీద సాధన చేశాడు. మొదటిసారి తప్పాడు. అంచు తీయబోయి చుట్టలోకి కత్తి దింపేవాడు. ఒక ఆదివారం శామీర్‌పేట వెళ్లి బక్కయ్య మంచం పక్కన కూర్చుని శివమ్మను అడిగాడు. ఆమె చుట్టను కాదు, అతని మణికట్టును చూసింది. చెయ్యి బల్ల మీద ఆనియ్యి సారూ, లేవట్టకు అంది. వచ్చేటప్పుడు ఆకులో చుట్టి చేపలిచ్చింది. రెండోసారి పరీక్షలో నెగ్గాడు.

దాంతో పని పూర్తిగా అతని మీదే పడింది. ఇదివరకు కనీసం పెళ్లికో పేరంటానికో ఊరెళ్లగలిగేవాడు, ఇప్పుడు అదీ పోయింది. ధరణి పెళ్లిచూపులు కూడా ఇన్‌స్పెక్టరు రాక చూసుకుని పెట్టుకోవలసివచ్చింది. షెడ్డుకు రెండు వైపులా విల్లాలు లేచాయి. అక్కడివాళ్లు రబ్బరు వాసన అని ఫిర్యాదు చేశారు. మనోరమ మధ్యాహ్నం క్యారియరు తీసుకుని తనే రావడం మొదలుపెట్టింది. మీ పక్కన కూర్చుంటే మీరు ఇంటికి వచ్చినట్టే అనుకుంటాను అనేది. ఆ మాటలో నవ్వు ఎంత, బాధ ఎంత అన్నది అతను తేల్చుకోలేకపోయేవాడు.

ఓ రోజు ఆమె అలా కూర్చుని ఉండగానే ఫోను వచ్చింది. దీక్షిత్ సీటులోకి ఆయన తర్వాత రెండోవాడిగా వచ్చిన ఆఫీసరు, గొంతులో ఇంకా కుర్రతనం. కొత్త ఓడ మళ్లీ ఆలస్యమవుతోందని, పాత ఓడను ఇంకోసారి మరమ్మతుకు ఎక్కించారని, సరఫరా కొనసాగించగలరా అని అడిగాడు. గోపాలరావు సరేనన్నాడు.

"ఎన్నాళ్లంటున్నారు?" అంది మనోరమ.

"చెప్పలేదు."

"మీరు అడగలేదా?"

"అడగలేదు."

ఆమె క్యారియరు గిన్నెలు విప్పి పెట్టింది. అతను తినేసి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని బల్ల దగ్గరకు వచ్చాడు. ఆ పూట చేసినవాటిలో నాలుగు చుట్టలు చెడిపోయాయి. పొరపాటున ఎవరూ వాడకుండా వాటిని కత్తెరతో సగానికి కత్తిరించి, బుట్టలో వేసి, తర్వాతి చుట్ట చేతిలోకి తీసుకున్నాడు.